మామిడి పిందెల డిజైన్ ఉన్న పాత టెలీకాస్టర్ గిటార్ దొరికింది, ఇది నిజంగా 1968దేనా?

కొలంబస్_కుర్రాడు:

అందరికీ నమస్తే. నేను ఓహాయోలో ఉంటాను, గిటార్ సరదాకి వాయిస్తాను తప్ప పాత గిటార్ల గురించి పెద్దగా తెలియదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా. మొన్న వీకెండ్ మా ఏరియాలో ఒక ఎస్టేట్ సేల్‌కి వెళ్ళాం, అసలు వెళ్ళింది మా ఆవిడ కుట్టు మిషన్ చూద్దామంటే. బేస్‌మెంట్లో ఓ మూల నల్ల కేసు కనిపించింది, తెరిచి చూస్తే ఇది. ఆకారం ఫెండర్ టెలీకాస్టర్, మేపుల్ నెక్, హెడ్‌స్టాక్ (తీగలు బిగించే తల భాగం) మీద ఫెండర్ అనే ఉంది. కానీ బాడీ మీద మామూలు రంగు లేదు. గులాబీ, ఎరుపు కలిసిన పూలు, మామిడి పిందెలు నిండా పరుచుకుని ఉన్నాయి, మధ్యమధ్యలో వెండిలా మెరుస్తోంది. మా ఆవిడైతే "ఇదేంటి, మా అమ్మ ధర్మవరం చీర కట్టినట్టుంది దీనికి" అంది.

పిక్‌గార్డ్ (గీతలు పడకుండా బాడీ మీద బిగించే పలక) అద్దం లాంటి ప్లాస్టిక్, దాని కిందినుంచి కూడా డిజైన్ కనిపిస్తోంది. బాడీ పక్కల మాత్రం డిజైన్ లేదు, ఎర్ర రంగు స్ప్రే చేసి ఉంది. వెనక నాలుగు స్క్రూల ప్లేటు మీద పెద్ద ఎఫ్ అక్షరం, దాని పైన 24తో మొదలయ్యే ఆరంకెల నంబరు. నెక్ వెనక మధ్యలో పొడుగ్గా ముదురు గోధుమ రంగు గీత ఉంది. పిక్‌గార్డ్ స్క్రూల దగ్గర సన్నటి పగుళ్ళు, బాడీ కింది అంచున ఒకచోట డిజైన్ ఉబ్బి బుడగలా లేచింది. ఫొటోలు పెట్టాను చూడండి.

అమ్మినవాళ్ళు "మా నాన్నది, అరవైల్లో గిటార్" అన్నారు, అంతకు మించి వాళ్ళకేం తెలియదు. 1100 డాలర్లకి ఇచ్చారు. ఇంటికొచ్చి నెట్‌లో వెతికితే ఇలాంటివి 1968లో కొన్నే చేశారని రాసుంది, ఇక ధరలు చూశాక టెన్షన్ మొదలైంది, కేసు మంచం కింద పెట్టుకుని పడుకుంటున్నా. ఇది అసలుదేనా? ఎవరికైనా చూపించే ముందు నేనే ఇంట్లో ఏమైనా చూసుకోవచ్చా? ఆ ఉబ్బిన చోట సూపర్ గ్లూ పెట్టి అతికించేయొచ్చా?

వైజాగ్_ట్వాంగ్:

బ్రో! 1100కా?! లాటరీ కొట్టావ్. ఇది పింక్ పైస్లీ టెలీ, పైస్లీ అంటే ఆ మామిడి పిందెల డిజైనే, ఎల్విస్ ప్రెస్లీ వెనక జేమ్స్ బర్టన్ వాయించింది ఈ మోడలే. ఎఫ్ ప్లేటు, 24 నంబరు అంటే 1968 చివరో 1969 మొదట్లోనో వచ్చి ఉంటుంది, లెక్క సరిగ్గా సరిపోతోంది. దీని ధర ఐదంకెల డాలర్లు. ఇంకేం ఆలోచించకు, ముందు ఇన్సూరెన్స్ చేయించు, మంచం కింద నుంచి తీసెయ్, అక్కడ తేమ ఉంటుంది.

పాత_తీగలు:

ముందు ఆ సూపర్ గ్లూ సొరుగులో పెట్టేయండి, దాని సంగతి చివర చెప్తాను.

మోడల్ విషయంలో వైజాగ్ తమ్ముడు చెప్పింది కరెక్టే. ఫెండర్ కేటలాగ్ పేరు పైస్లీ రెడ్, జనం మాత్రం పింక్ పైస్లీ అనే అంటారు. 1968లో మొదలుపెట్టి ఎక్కువ కాలం చేయకుండానే ఆపేశారు. దానికి జోడీగా బ్లూ ఫ్లవర్ అని నీలం పూలది కూడా వచ్చింది. అప్పటికి కంపెనీ దాన్ని పెట్టిన లియో ఫెండర్ చేతిలో లేదు, 1965 జనవరిలో సీబీఎస్ అనే అమెరికన్ టీవీ, రేడియో కంపెనీ వాళ్ళు కోటీ 30 లక్షల డాలర్లకి కొనేశారు. హిప్పీల కాలం, కాలిఫోర్నియాలో ఎవరిని చూసినా పూల చొక్కాలే, గిటార్‌కి కూడా అదే తొడిగితే కుర్రాళ్ళు ఎగబడతారని ఆఫీసులో ఎవరికో తోచి ఉంటుంది. ఎవరూ ఎగబడలేదు. టెలీకాస్టర్ పట్టుకునేవాళ్ళలో ఎక్కువమంది కంట్రీ సంగీతం వాళ్ళు, వాళ్ళకి ఈ పూల గోల అప్పట్లో నచ్చకపోవడంలో ఆశ్చర్యం ఏముంది.

ఇక ఫినిష్ సంగతి. ఆ డిజైన్ పెయింట్ కాదు, కాగితం. వెనక జిగురు ఉండే వాల్‌పేపర్ రకం. బాడీకి ముందు ఒక ముక్క, వెనక ఒక ముక్క అతికించారు. పక్కల వంపుల మీద కాగితం ముడతలు లేకుండా చుట్టడం అయ్యే పని కాదు కాబట్టి అక్కడ ఎర్ర రంగు స్ప్రే చేసి, దాన్నే ముందు, వెనక అంచుల మీదకి పల్చగా తెచ్చి కాగితం కోసిన గీత కనపడకుండా చేశారు. తర్వాత మొత్తం మీద మందంగా క్లియర్, అంటే రంగులేని పారదర్శకమైన పూత, కొట్టారు. చెక్క, కాగితం, పైన ఆ గట్టి క్లియర్, మూడూ ఎండకీ చలికీ ఒకేలా సాగవు, ఒకేలా ముడుచుకోవు. అందుకే పిక్‌గార్డ్ చుట్టూ, స్క్రూల దగ్గర పగులుతాయి, అంచుల్లో లేస్తాయి. క్లియర్ పసుపెక్కేకొద్దీ కింద గులాబీ రంగు కూడా మారిపోతుంది, అందుకే ఏ రెండు పాత పైస్లీలూ ఒకే రంగులో కనిపించవు.

అయితే పగుళ్ళు, పసుపు చూసి వయసు చెప్పేయకూడదు. ఎనభైల మధ్య నుంచి జపాన్‌లో ఇదే గిటార్‌ని మళ్ళీ చేశారు, ఇదే డిజైన్, ఇదే అద్దం పిక్‌గార్డ్. మొదట్లో వచ్చిన వాటికి ఇప్పుడు దాదాపు 40 ఏళ్ళు, అవీ పగులుతాయి, అవీ పసుపెక్కుతాయి. స్కేల్ పొడవు, అంటే తీగ మోగే పొడవు, 25.5 అంగుళాలు రెండింటికీ ఒకటే, ఫ్రెట్‌బోర్డ్ (వేళ్ళతో తీగలు నొక్కే పలక) వంపు కూడా ఒకటే. ఆ కొలతలతో ఏమీ తేలదు.

మీరు రాసినదాంట్లో నాకు గుచ్చుకున్నది నెక్ వెనక గీత. దాన్ని స్కంక్ స్ట్రైప్ అంటారు. నెక్ అంతా ఒకే మేపుల్ ముక్క అయితే లోపలి ట్రస్ రాడ్‌ని (నెక్ వంగకుండా ఉంచే ఇనప కడ్డీ) వెనక నుంచి గాడి తీసి పెట్టాలి, ఆ గాడిని వాల్‌నట్ చెక్కతో మూస్తారు, ఆ గీత అదే. 1967, 68ల్లో ఫెండర్ మేపుల్ నెక్‌లు అలా ఉండవు. అప్పుడు మేపుల్ ఫ్రెట్‌బోర్డ్‌ని విడిగా చేసి పైన అతికించేవాళ్ళు, రాడ్ ముందు నుంచే లోపలికి వెళ్ళేది, కాబట్టి వెనక గీతతో పని లేదు. ఒకే ముక్క మేపుల్, దాంతోపాటు గీత, తిరిగి వచ్చింది 1969 ప్రాంతంలో. మీ ప్లేటు నంబరేమో 1968 అంటోంది, నెక్కేమో కాదంటోంది. నెక్ మార్చి ఉండొచ్చు, ప్లేటు మార్చి ఉండొచ్చు, రెండూ అయ్యుండొచ్చు.

హెడ్‌స్టాక్ ముందు భాగం, నెక్ వెనక భాగం పక్కపక్కన పెట్టి పగటి వెలుతురులో ఒక ఫొటో తీయండి. 1968 నుంచి ఫెండర్ వాళ్ళు పాలిస్టర్ అనే గట్టి పూతకి మారినా హెడ్‌స్టాక్ ముందు మాత్రం పాత లాకర్ వార్నిషే కొట్టేవాళ్ళు, కింద డెకాల్ (ఫెండర్ పేరున్న స్టిక్కర్) పాడవకుండా. లాకర్ ఎక్కువ పసుపెక్కుతుంది. అందుకని ఆ కాలం గిటార్లలో హెడ్‌స్టాక్ ముందు ఒక రంగు, నెక్ వెనక ఇంకో రంగు ఉంటుంది. మీ ఫొటోల్లో రెండూ ఒకేలా ఉన్నట్టున్నాయి కానీ లైటు పసుపుగా ఉంది, గట్టిగా చెప్పలేను.

సోల్డర్_మాస్టర్:

పాత తీగలు గారు నెక్ దగ్గర మొదలుపెట్టారు, నేను లోపలికి వెళ్తా.

ముందు ఆ ప్లేటుని మర్చిపోండి. 1965 నుంచి డెబ్భైల మధ్య వరకు ఫెండర్ నంబర్లు ఆ ప్లేటు మీదే ఉండేవి, నాలుగు స్క్రూలు విప్పితే ఊడి చేతికొస్తుంది, ఇంకో గిటార్‌కి అంతే సులువుగా ఎక్కుతుంది. నంబర్లు కూడా వరసలో వాడలేదు, డబ్బాలోంచి చేతికొచ్చింది బిగించారు. డెకాల్ కూడా అంతే, నెట్‌లో దొరుకుతుంది. ఆ రెండూ చూసి ధర కట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళని నమ్ముకునే కొందరు వ్యాపారం చేస్తున్నారు.

చేయాల్సిన పని ఇది. తీగలు వదులు చేసి తీసేయండి, నాలుగు స్క్రూలు విప్పి నెక్ మెల్లగా పైకి తీయండి, సరైన స్క్రూడ్రైవర్ వాడండి, లేకపోతే స్క్రూ తల అరిగిపోతుంది. నెక్ అడుగున, బాడీలో కూర్చునే భాగం మీద చూడండి. ఆ కాలం ఫెండర్ అయితే సిరాతో ముద్ర ఉంటుంది, నెల మూడక్షరాల్లో, తర్వాత సంవత్సరం, చివర ఒక అక్షరం. ఆ అక్షరం నెక్ వెడల్పుకి, మామూలు వెడల్పు అయితే బీ.

తర్వాత నాబ్‌లు ఉన్న ఆ పొడుగాటి క్రోమ్ ప్లేటు రెండు స్క్రూలు తీసి తిప్పి చూడండి. లోపల రెండు పాట్స్ (నాబ్ తిప్పితే శబ్దాన్ని మార్చే భాగాలు) ఉంటాయి, వాటి వీపు మీద ఏం రాసుందో చదవండి. అమెరికన్ పాట్ అయితే ఆరేడు అంకెలు ఉంటాయి. 137తో మొదలైతే సీటీఎస్ కంపెనీది, 304 అయితే స్టాక్‌పోల్‌ది. ఆ తర్వాత సంవత్సరం, ఆఖరి రెండంకెలు ఆ ఏడాదిలో ఎన్నో వారం అన్నది. 1376633 అంటే సీటీఎస్, 1966, 33వ వారం. ఒకవేళ 66 అని కనిపిస్తే కంగారు పడకండి, ఫెండర్ 1966లో పాట్స్ గుట్టలుగా కొని పడేసింది, 1969 గిటార్లలో కూడా అవే వస్తాయి. పాట్ సైజు కూడా కొలవండి. అమెరికన్‌ది గుండ్రటి డబ్బా దాదాపు 24 మిల్లీమీటర్లు, కాడ 6.35. జపాన్ రీఇష్యూల్లో చాలావాటికి 16 మిల్లీమీటర్ల చిన్న పాట్స్, 6 మిల్లీమీటర్ల కాడ. టంకం తీయక్కర్లేదు, చూస్తే చాలు. పాత టంకం చెడగొడితే అసలుదైనా ధర పడిపోతుంది.

వైజాగ్_ట్వాంగ్:

మీరిద్దరూ ఎప్పుడూ ఇలాగే నీళ్ళు చల్లుతారు అన్నా. పాట్స్ పాడైతే ఎవరైనా మార్చుకుంటారు కదా, 50 ఏళ్ళకి పైగా వాడిన గిటార్. నెక్ కూడా అరిగిపోతే మార్చుకునేవాళ్ళే. బాడీ అసలుదైతే చాలు, పైస్లీ విలువంతా బాడీలోనే ఉంది.

పాత_తీగలు:

ఆ మాట నిజమే. అందుకే కదా అన్నీ కలిపి చూడమంటున్నది. ఒక్క పాట్ మారితే రిపేర్ అనుకుంటాం. నెక్, పాట్స్, వైరు, జాక్ అన్నీ ఒకే దేశం పేరు చెప్తుంటే ప్లేటొక్కటే ఇంకో దేశం పేరు చెప్తే దేన్ని నమ్మాలి?

కొలంబస్_కుర్రాడు:

విప్పాను. చేతులు వణికాయి కానీ ఏమీ విరగలేదు.

నెక్ అడుగున నెల, సంవత్సరం ముద్ర ఏదీ లేదు, శుభ్రంగా ఉంది. బాడీలో నెక్ కూర్చునే గుంటలో కాగితం అంచు కనిపిస్తోంది, పక్కన స్ప్రే చేసిన ఎరుపు. చెక్క తెల్లగా, మెత్తగా ఉంది, గోరు దిగేలా. ఇంకో సంగతి, నెక్ వెనక వైపు, బాడీకి తగిలే చోటుకి కొంచెం పైన, బొటనవేలు వెడల్పు మేర మెరుపు పోయి మాసినట్టుంది. మిగతా నెక్ అంతా నున్నగా మెరుస్తోంది, ఆ ఒక్కచోటే సన్న ఇసుక కాగితంతో రుద్దినట్టు.

పాట్స్ చిన్నవి, స్కేల్‌తో కొలిస్తే 16, 17 మిల్లీమీటర్లు. వీపు మీద ఎ250కె అని తప్ప పొడుగు నంబరు లేదు. వైర్లు సన్నగా బూడిద రంగులో ఉన్నాయి. నెక్ ప్లేటు మాత్రం నిజంగా పాతదే అనిపిస్తోంది, లోపలి వైపు తుప్పు మచ్చలు ఉన్నాయి. దాన్ని పట్టుకున్న స్క్రూలు మాత్రం మిలమిలలాడుతున్నాయి.

హెడ్‌స్టాక్ ముందు, నెక్ వెనక పగటి వెలుతురులో చూశా, రంగులో తేడా లేదు.

సోల్డర్_మాస్టర్:

ఆ రుద్దిన చోటే మీ జవాబు ఉంది. జపాన్ ఫెండర్లకి "మేడ్ ఇన్ జపాన్" అని, దాని పక్కన సీరియల్ నంబరు సరిగ్గా అక్కడే ఉంటాయి. గది చీకటి చేసి టార్చ్ లైటుని నెక్‌కి పక్కనుంచి, దాదాపు ఆనించి వేసి చూడండి, తిన్నగా వేస్తే కనపడదు. అక్షరాలు పోయినా ఒక్కోసారి నీడ మిగులుతుంది. ఆల్కహాల్, థిన్నర్ లాంటివి మాత్రం పూయకండి.

కొలంబస్_కుర్రాడు:

కనిపించింది! పైన మేడ్ అన్నది సగం, కింద ఇంగ్లీషు E అక్షరం, తర్వాత రెండు మూడు అంకెలు లీలగా, మిగతావి పోయాయి.

పాత_తీగలు:

అయితే తేలిపోయింది. E అక్షరం, దాని తర్వాత ఆరంకెలు అంటే జపాన్ లెక్కలో 1984 నుంచి 1987 మధ్య. అమెరికన్ ఫెండర్ల మీద కూడా ఎనభైల్లో E అక్షరం వాడారు, కానీ అది హెడ్‌స్టాక్ మీద ఉంటుంది, నెక్ మొదట్లో కాదు. ఆ చిన్న పాట్స్, ఒకే రంగు నెక్, స్కంక్ స్ట్రైప్ అన్నీ ఇప్పుడు ఒక దారికి వచ్చాయి. గోరు దిగే తెల్ల చెక్క బహుశా బాస్‌వుడ్, జపాన్ వాళ్ళు ఈ మోడల్‌కి ఎక్కువగా వాడింది అదే. బాడీ, నెక్ రెండూ ఒకే గిటార్‌వి అనే నా అంచనా. ఎవరో ఎక్కడో ఒక అరవైల ఎఫ్ ప్లేటు సంపాదించి, జపాన్ అన్న మాట చెరిపేసి, కొత్త స్క్రూలతో దీనికి బిగించారు. మీకు అమ్మినవాళ్ళకి ఇది తెలిసి ఉండకపోవచ్చు. వాళ్ళ నాన్నగారే ఎవరి దగ్గరో మోసపోయి ఉండొచ్చు.

నిరాశపడకండి. ఫెండర్ జపాన్ 1982లో మొదలైంది, ఆ రోజుల్లో గిటార్లు చేసింది మాట్సుమోటోలోని ఫుజిగెన్ ఫ్యాక్టరీ. ఆ ఏళ్ళలో అమెరికా ఫెండర్ పరిస్థితి ఏమీ బాగాలేదు. 1985లో సీబీఎస్ దాన్ని కోటీ 25 లక్షల డాలర్లకి వదిలించుకుంది, అంటే 20 ఏళ్ళ తర్వాత కొన్నదానికన్నా తక్కువకి. ఆ అమ్మకంలో ఫుల్లర్టన్‌లోని పాత ఫ్యాక్టరీ లేదు, కాలిఫోర్నియాలోనే కరోనా అనే ఊళ్ళో కొత్త ఫ్యాక్టరీ నిలదొక్కుకునేదాకా షాపుల్లో కనిపించిన ఫెండర్లలో చాలాభాగం జపాన్‌వే. పనితనంలో అవి తీసిపోవు. నన్నడిగితే, 1968 అసలుదాని కన్నా ఈ ఎనభైల నాటిది చేతికి హాయిగా ఉంటుంది, పైగా దేనికైనా తగులుతుందేమోనని భయపడుతూ వాయించక్కర్లేదు. 1100 అంటే మీరు మోసపోలేదు, ఆ నంబరు రుద్దేసి ఉండకపోతే ఇంకా మంచి బేరమే.

ఇక ఉబ్బిన చోటు. సూపర్ గ్లూ కాగితంలోకి ఇంకితే ముదురు మరక పడుతుంది, అది మళ్ళీ పోదు. ప్రస్తుతం క్లియర్ పగలకుండా ఉబ్బు మాత్రమే ఉంటే ముట్టుకోకండి. పగిలి, లోపల కాగితం అంచు లేస్తుంటే గిటార్ ఫినిష్ పనులు తెలిసిన మనిషికి ఇవ్వండి, వాళ్ళు సూదితో చాలా కొద్దిగా జిగురు ఎక్కించి అదిమిపెడతారు. శీతాకాలంలో ఇంట్లో హీటర్ గాలి తగిలేచోట స్టాండ్ మీద వదిలేయొద్దు, మీ ఓహాయోలో పొడిగాలి ఇలాంటి ఫినిష్‌ని తొందరగా లేపుతుంది. కేసులోనే ఉంచండి, మంచం కింద అయినా ఫరవాలేదు.

హైదరాబాద్_బాసిస్ట్:

మధ్యలో దూరుతున్నా, మన్నించండి. బట్ట అతికించి పైన క్లియర్ కొట్టిన గిటార్లు కూడా ఈమధ్య పైస్లీ అని అమ్ముతున్నారు, అవి ఎలా పట్టుకోవాలి? మా ఫ్రెండ్ ఒకడు ఫొటో పంపి కొననా అని అడుగుతున్నాడు.

సోల్డర్_మాస్టర్:

పికప్ (తీగల మోతని పట్టే అయస్కాంతపు భాగం) గుంటలోకి చూడమనండి, బట్ట అయితే నేత పోగులు కోసినచోట కనిపిస్తాయి. డిజైన్ కూడా చూడాలి, ఫెండర్‌ది మెరుస్తుంది, బట్ట అలా మెరవదు. అంచుల్లో ఎర్ర స్ప్రే లేకుండా డిజైన్ నేరుగా పక్కలకి చుట్టుకుపోయి ఉంటే అది ఇంట్లో చేసిన పనే. బాగుంటే కొనుక్కోమనండి, కాకపోతే చేతిపనికి ఇచ్చే ధర ఇవ్వాలి, పైస్లీ ధర కాదు.

వైజాగ్_ట్వాంగ్:

ఐదంకెలు పోయాయి, సరే. కొలంబస్ బ్రో, దాన్ని అమ్ముతావా?

కొలంబస్_కుర్రాడు:

అమ్మను. విప్పింది మళ్ళీ బిగించి కొత్త తీగలు వేశా, బ్రిడ్జ్ పికప్ మోత వింటే వదలబుద్ధి కావట్లేదు. అమ్మినవాళ్ళకి మాత్రం ఒక మెయిల్ పెడతా, గొడవకి కాదు, వాళ్ళ నాన్న ఎక్కడ కొన్నారో తెలుస్తుందేమో అని. ఒకటే ప్రశ్న మిగిలింది, ఆ పాత ప్లేటు దీనికి ఉంచాలా, తీసేయాలా? నంబరు లేని మామూలు ప్లేటు కొని వేద్దామనుకుంటున్నా.

వైజాగ్_ట్వాంగ్:

తీసేస్తే నాకివ్వు బ్రో, మంచి ధర ఇస్తా. నా దగ్గర ప్లేటు పోయిన పాత టెలీ బాడీ ఒకటి ఉంది.

సోల్డర్_మాస్టర్:

ఏ సంవత్సరం బాడీ తమ్ముడూ అది? ఫొటో పెట్టు ముందు.

వైజాగ్_ట్వాంగ్:

అరవైలదే అన్నా. అమ్మినాయన చెప్పాడు.